బెర్లిన్‌లో రాష్ట్రాలకు కుర్చీ: జర్మనీ ఫెడరల్ వ్యవస్థ ఎలా నడుస్తుంది?

జర్మనీలో ఎంఎస్ చేద్దామని యూనివర్సిటీల లిస్టు రాసుకునే మన పిల్లలందరూ ఒక చోట ఆగుతారు. స్టుట్‌గార్ట్‌లో చేరితే సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు కట్టాలి. ఆఖెన్‌లో చేరితే ట్యూషన్ ఫీజే లేదు, సెమిస్టర్ ఖర్చుల కింద తక్కువ మొత్తం కడితే చాలు. రెండూ ప్రభుత్వ యూనివర్సిటీలే. దేశం ఒకటే, వీసా ఒకటే. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017లో యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చే విద్యార్థులకు ఫీజు పెట్టింది. ఆఖెన్ ఉన్న నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా పెట్టలేదు. చదువు రాష్ట్రాల చేతిలో ఉన్న విషయం కాబట్టి బెర్లిన్‌లోని కేంద్ర ప్రభుత్వం పెట్టమనీ చెప్పలేదు, తీసెయ్యమనీ చెప్పలేదు.

అక్కడ దిగాక ఇంకో సంగతి తెలుస్తుంది. విదేశీయుల నివాస చట్టం దేశమంతటికీ ఒక్కటే, పార్లమెంటు చేసిందే. కానీ రెసిడెన్స్ పర్మిట్ ఇచ్చే ఆఫీసు చాలాచోట్ల ఊరి మున్సిపాలిటీదో జిల్లాదో అయి ఉంటుంది. అందుకే ఒకే బ్యాచ్‌లో వెళ్లిన ఇద్దరు స్నేహితుల్లో ఒకరికి కార్డు తొందరగా వచ్చేస్తుంది, పక్క ఊళ్లో ఉన్న ఇంకొకరు అపాయింట్‌మెంట్ కోసమే నెలల తరబడి టెన్షన్ పడుతుంటారు.

మొదటి ఉదాహరణలో రాష్ట్రానికి సొంత అధికారం ఉంది. ఇది మనకు తెలిసిన ఫెడరలిజమే. రెండో దాంట్లో చట్టం కేంద్రానిది, అమలు రాష్ట్రానిది. జర్మనీ వ్యవస్థ ఎక్కువగా ఈ రెండో పద్ధతి మీదే నడుస్తుంది. దీనికి తోడు మూడోది ఒకటుంది, మనం సాధారణంగా గమనించనిది: కేంద్రం ఆ చట్టం చేస్తున్నప్పుడు, దాన్ని అమలు చేయాల్సిన రాష్ట్ర ప్రభుత్వాలు కూడా బెర్లిన్‌లో కూర్చుని ఓటు వేస్తాయి. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని బడిలో చదువుకున్న మనం ఏ దేశాన్ని చూసినా ముందు జాబితాలు వెతుకుతాం. జర్మనీలో రాష్ట్రాల బలం జాబితాలో కంటే ఆ కుర్చీలో ఎక్కువగా ఉంది. ఆ కుర్చీ ఎలా వచ్చిందో తెలియాలంటే 1932కి వెళ్లాలి.

ప్రష్యా పోలీసులు ఎవరి చేతికి వెళ్లారు

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఏర్పడిన వైమార్ రిపబ్లిక్‌లోనూ రాష్ట్రాలు ఉండేవి, వాటి ప్రతినిధుల సభ కూడా ఉండేది. కానీ ఒక్క ప్రష్యా రాష్ట్రంలోనే దేశ జనాభాలో ఐదింట మూడు వంతులు ఉండేవారు. దేశాధ్యక్షుణ్ని ప్రజలు నేరుగా ఎన్నుకునేవారు. రాజ్యాంగంలోని 48వ అధికరణం కింద ఆయనకు అత్యవసర ఉత్తర్వులు జారీ చేసే అధికారం ఉండేది. ఆ పదవిలో ఉన్న హిండెన్‌బర్గ్ 1930 తర్వాత ఆ అధికారాన్ని తరచుగా వాడారు, పార్లమెంటులో మెజారిటీ లేని ఛాన్సలర్లు (మన ప్రధానమంత్రి లాంటి ప్రభుత్వాధినేతలు) ఆ ఉత్తర్వులతోనే పాలన నడిపారు.

1932 జూలై 20న ఛాన్సలర్ పాపెన్ ఇదే అధికరణాన్ని ప్రష్యా మీద ప్రయోగించారు. శాంతిభద్రతలు క్షీణించాయన్న కారణం చూపించి, ఒట్టో బ్రౌన్ నాయకత్వంలోని సోషల్ డెమోక్రాట్ల రాష్ట్ర ప్రభుత్వాన్ని పక్కకు నెట్టి, తానే కమిషనర్‌గా పగ్గాలు పట్టుకున్నారు. దేశంలోకెల్లా పెద్దదైన ప్రష్యా పోలీసు బలగం ఒక్క రోజులో కేంద్రం చేతికి వెళ్లింది. ఆరు నెలల తర్వాత, 1933 జనవరి 30న, హిట్లర్ ఛాన్సలర్ అయినప్పుడు ఆ పోలీసులు నాజీ నాయకుడు గోరింగ్ కిందికి వచ్చారు. నాజీలు ప్రష్యా ప్రభుత్వాన్ని కూల్చనవసరం లేకపోయింది, ఆ పని అప్పటికే అయిపోయింది. సరిగ్గా ఏడాదికి, 1934 జనవరి 30న, రాష్ట్రాల శాసనసభలను చట్టంతోనే రద్దు చేశారు. ఫిబ్రవరిలో రాష్ట్రాల ప్రతినిధుల సభ కూడా పోయింది.

జర్మన్ రాజ్యాంగంలో మనకు వింతగా కనిపించే చాలా ఏర్పాట్లు ఈ ఘటనలకు జవాబులే. యుద్ధం ముగిశాక కేంద్రం లేదు, ముందు రాష్ట్రాలే తిరిగి లేచాయి. 1948 జూలైలో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ సైనిక గవర్నర్లు రాష్ట్రాల ముఖ్యమంత్రులను పిలిచి ఫెడరల్ తరహా రాజ్యాంగం రాయించమన్నారు. రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకున్న 65 మంది సెప్టెంబరులో బాన్ నగరంలో సమావేశమయ్యారు. అధ్యక్షత వహించిన కాన్రాడ్ అడెనావర్ తర్వాత మొదటి ఛాన్సలర్ అయ్యారు. రాజ్యాంగం 1949 మే 23న ప్రకటించారు. అప్పుడు కూడా బవేరియా శాసనసభ దాన్ని తిరస్కరించింది, రాష్ట్రాలకు ఇచ్చింది చాలదని. అయితే మూడింట రెండు వంతుల రాష్ట్రాలు ఒప్పుకుంటే తామూ కట్టుబడతామని అదే రోజు తీర్మానించింది.

ఫెడరలిజాన్ని విదేశీ సైన్యాలు రుద్దాయనే మాట అప్పట్లో వినిపించింది. అందులో సగమే నిజం. జర్మన్ నేల మీద వందల ఏళ్లుగా చిన్న చిన్న రాజ్యాలు, స్వతంత్ర నగరాలు ఉండేవి. హాంబర్గ్, బ్రెమెన్ నగరాలు ఈనాటికీ వేర్వేరు రాష్ట్రాలుగా ఉండటం ఆ పాత చరిత్ర కొనసాగింపే. ఇక ప్రష్యాను మిత్రరాజ్యాలు 1947లోనే అధికారికంగా రద్దు చేశాయి కాబట్టి, మిగతావాటిని మింగేసేంత పెద్ద రాష్ట్రం ఏదీ మిగలలేదు.

బాన్‌లో కూర్చున్నవాళ్లు 79వ అధికరణంలో ఒక గట్టి తాళం వేశారు. దేశం రాష్ట్రాలుగా విభజించి ఉండటాన్ని, చట్టాల తయారీలో రాష్ట్రాల పాత్రను, మనిషి గౌరవాన్ని, ప్రజాస్వామ్యాన్ని ఏ రాజ్యాంగ సవరణా ముట్టుకోకూడదు. పార్లమెంటంతా ఏకగ్రీవంగా ఓటేసినా కుదరదు. మన సుప్రీంకోర్టు 1973లో కేశవానంద భారతి తీర్పులో చెప్పిన మౌలిక స్వరూప సిద్ధాంతం ఇలాంటిదే. మనకు అది కోర్టు వ్యాఖ్యానంగా వచ్చింది, వాళ్లకు రాజ్యాంగంలోనే రాసి ఉంది.

మంత్రులే సభ్యులు, ఓట్లన్నీ ఒకే వైపు

ఇప్పుడు ఆ కుర్చీ సంగతి. జర్మనీలో ప్రజలు ఎన్నుకునే సభ బుండెస్టాగ్. రాష్ట్రాల సభ బుండెస్‌రాట్. రెండోదాన్ని మన రాజ్యసభతో పోలుస్తుంటారు, కానీ పోలిక పైపైనే.

బుండెస్‌రాట్‌కు ఎన్నికలు జరగవు. ఎమ్మెల్యేలు ఓటేసి పంపేవాళ్లు ఉండరు. 16 రాష్ట్రాల ముఖ్యమంత్రులు, మంత్రులే అందులో సభ్యులు. రాష్ట్రంలో ప్రభుత్వం మారితే ఇక్కడ మనుషులు మారతారు, సభ మాత్రం రద్దు కాదు. ప్రతి రాష్ట్రానికి కనీసం 3 ఓట్లు. జనాభా 20 లక్షలు దాటితే 4, 60 లక్షలు దాటితే 5, 70 లక్షలు దాటితే 6. మొత్తం 69. దాదాపు 1.8 కోట్ల మంది ఉన్న నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాకు 6 ఓట్లైతే, దాదాపు 7 లక్షల మంది ఉన్న బ్రెమెన్‌కు 3. ఇటు అందరికీ సమానమూ కాదు, అటు జనాభా లెక్కా కాదు, చిన్న రాష్ట్రాల వైపు కావాలని మొగ్గిన మధ్యేమార్గం.

మన దగ్గర రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31 సీట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7. అయితే తెలంగాణ సభ్యులు ఏడుగురూ తెలంగాణ పక్షాన ఒకే ఓటు వేయాలన్న నియమం లేదు. వాళ్లు తమ తమ పార్టీ విప్‌ను బట్టి ఓటేస్తారు. 2003 తర్వాతైతే ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న షరతు కూడా పోయింది. బుండెస్‌రాట్‌లో దీనికి పూర్తిగా తిరగబడిన పద్ధతి ఉంది. ఒక రాష్ట్రానికి ఉన్న ఓట్లన్నీ ఒకే వైపు పడాలి. ఎటు వెయ్యాలో ఆ రాష్ట్ర మంత్రివర్గం ముందే తేలుస్తుంది. సంకీర్ణ ప్రభుత్వంలో పార్టీలు కుదురుకోకపోతే ఓటు వేయకుండా ఉండిపోతారు. కానీ నెగ్గాలంటే మొత్తం 69లో 35 అనుకూల ఓట్లు పడాల్సిందే కాబట్టి, అలా ఉండిపోవడమూ వ్యతిరేక ఓటుతో సమానమే.

ఈ నియమం ఎంత గట్టిదో 2002 మార్చి 22న దేశమంతా చూసింది. ఛాన్సలర్ ష్రోడర్ ప్రభుత్వం తెచ్చిన వలస చట్టం మీద ఓటింగ్. బ్రాండెన్‌బర్గ్‌లో సోషల్ డెమోక్రాట్లు, క్రిస్టియన్ డెమోక్రాట్లు కలిసి పాలిస్తున్నారు, చట్టం మీద మాత్రం చెరో వైపు ఉన్నారు. పేరు పిలిచినప్పుడు ఆ రాష్ట్ర మంత్రి ఒకరు ఔనన్నారు. పక్కనే ఉన్న ఇంకో మంత్రి యోర్గ్ షోన్‌బోమ్ కాదన్నారు. సభాధ్యక్షుడు వోవెరైట్ ముఖ్యమంత్రి ష్టోల్పెను నేరుగా అడిగారు. ఆయన ఔనన్నారు. దాంతో బ్రాండెన్‌బర్గ్ ఓట్లను అనుకూలంగా లెక్కించి, చట్టం నెగ్గిందని ప్రకటించారు. సభ అరుపులతో దద్దరిల్లింది. వివాదం కార్ల్స్‌రూహె నగరంలోని రాజ్యాంగ న్యాయస్థానానికి చేరింది. ఆ డిసెంబరులో కోర్టు చట్టాన్ని కొట్టేసింది. రాష్ట్రం రెండు గొంతులతో మాట్లాడినప్పుడు దానికి ఓటే లేదు, ముఖ్యమంత్రి అయినా సరే సహచర మంత్రి గొంతు మీద తన గొంతు రుద్దలేరు అన్నది తీర్పు సారాంశం. ముఖ్యమంత్రి మాటే మంత్రివర్గం మాటగా చెల్లిపోయే వాతావరణంలో పెరిగిన మనకు ఈ తీర్పు కొంచెం మింగుడు పడదు. నాకైతే జర్మన్ వ్యవస్థ మొత్తం ఈ ఒక్క కేసులో కనిపిస్తుంది.

బుండెస్‌రాట్ అన్ని చట్టాలనూ ఆపలేదు. రాష్ట్రాల డబ్బును, పరిపాలనను గట్టిగా తాకే చట్టాలకు దాని అంగీకారం తప్పనిసరి. మిగతావాటికి అభ్యంతరం చెప్పవచ్చు, బుండెస్టాగ్ తగినంత మెజారిటీతో ఆ అభ్యంతరాన్ని దాటుకు పోవచ్చు. రెండు సభలకూ పొత్తు కుదరకపోతే చెరో 16 మందితో మధ్యవర్తిత్వ సంఘం కూర్చుంటుంది, తలుపులు మూసుకుని. కాలక్రమంలో అంగీకారం కావలసిన చట్టాలు మొత్తంలో సగం దాటిపోయాయి. ప్రతిపక్షం చేతిలో ఎక్కువ రాష్ట్రాలుంటే కేంద్ర ప్రభుత్వం చేతులు కట్టేసినట్టే అయ్యేది. 1997లో ఛాన్సలర్ హెల్ముట్ కోల్ తలపెట్టిన పన్ను సంస్కరణ బుండెస్‌రాట్‌లో సోషల్ డెమోక్రాట్ల మెజారిటీ దగ్గరే ఆగిపోయింది. అది రాష్ట్రాల ప్రయోజనమా, పార్టీ ఎత్తుగడా అన్న విమర్శ ఇప్పటికీ ఉంది, అందులో న్యాయం కూడా ఉంది. 2006లో పెద్ద సవరణ చేసి అంగీకారం అవసరమైన చట్టాల సంఖ్య తగ్గించారు. బదులుగా రాష్ట్రాలకు కొన్ని సొంత అధికారాలు పెరిగాయి.

మన దేశంలో బుండెస్‌రాట్ తర్కానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చిన సంస్థ రాజ్యసభ కాదు, జీఎస్టీ కౌన్సిల్. అందులో రాష్ట్రాల ఆర్థిక మంత్రులే కూర్చుంటారు, రాష్ట్రం పేరు మీదే ఓటు. కేంద్రం ఓటు విలువ మూడింట ఒక వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి రెండు వంతులు, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. ఒక్క పన్ను విషయంలోనే మనం చేసిన ఏర్పాటును జర్మన్లు చట్టసభ స్థాయికి తీసుకెళ్లారు.

ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు ఎవరిది?

మన దగ్గర ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు కేంద్రానిది. జర్మనీలో అది రాష్ట్రానిది. కేంద్రం చేసిన ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, కేంద్రం తరఫున కూడా, రాష్ట్ర అధికారులే వసూలు చేస్తారు. అక్కడ ఉద్యోగం చేసే మనవాళ్లు ఏటా రిటర్ను వేసేది ఆ ఆఫీసుకే. వచ్చినదాంట్లో కేంద్రానికి 42.5 శాతం, రాష్ట్రాలకు 42.5 శాతం, స్థానిక సంస్థలకు 15 శాతం అని ముందే నిర్ణయించారు. కంపెనీల పన్ను సగం సగం. విలువ ఆధారిత పన్ను కూడా అందరూ పంచుకుంటారు. పేద రాష్ట్రాలకు ఎక్కువ, ధనిక రాష్ట్రాలకు తక్కువ వచ్చేలా 2020 నుంచి ఆ పన్ను పంపకంలోనే సర్దుబాటు జరుగుతోంది. ఇందులో అందరికంటే ఎక్కువ వదులుకునేది బవేరియా, ఎక్కువ పొందేది తానే ఒక రాష్ట్రమైన బెర్లిన్ నగరం. ఈ లెక్క తమకు అన్యాయమని బవేరియా 2023లో కోర్టుకెక్కింది. ఒకప్పుడు బవేరియా కూడా తీసుకునే రాష్ట్రమే, దశాబ్దాల పాటు. దక్షిణాది రాష్ట్రాల పన్నుల వాటా గురించి మన దగ్గర నడుస్తున్న వాదన తెలిసినవాళ్లకు ఈ కేసులోని ప్రతి మాటా పరిచయమైనదిగానే ఉంటుంది.

సైన్యం, విదేశాంగం, కస్టమ్స్, సరిహద్దులూ రైల్వే స్టేషన్లూ చూసే ఫెడరల్ పోలీసు వంటి కొద్ది శాఖలకే కేంద్రానికి సొంత యంత్రాంగం ఉంది. వీధిలో కనిపించే పోలీసు రాష్ట్రానివాడు, బడిలో టీచరు రాష్ట్ర ఉద్యోగి. కేంద్రానికి చట్టం చేసే శక్తి ఎక్కువ, దాన్ని జనం దాకా తీసుకెళ్లే చేతులు తక్కువ. చేతులు రాష్ట్రాలవి కాబట్టే చట్టం రాసేటప్పుడు వాళ్ల మాట వినాలి.

ఛాన్సలర్‌ను దించాలంటే

వైమార్ రోజుల్లో పార్లమెంటులో కమ్యూనిస్టులు, నాజీలు కలిసి ప్రభుత్వాలను పడగొట్టగలిగేవారు, కలిసి ఒక్క ప్రభుత్వాన్నీ నిలబెట్టలేకపోయేవారు. అందుకని 67వ అధికరణం ఒక షరతు పెట్టింది: ఛాన్సలర్ మీద అవిశ్వాసం నెగ్గాలంటే అదే ఓటుతో కొత్త ఛాన్సలర్‌ను కూడా ఎన్నుకోవాలి. కేంద్రంలో ఇప్పటిదాకా దీన్ని ప్రయోగించింది రెండుసార్లే. 1972లో ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ మీద ప్రతిపక్ష నాయకుడు బార్జెల్ ప్రయత్నించి రెండు ఓట్ల తేడాతో ఓడారు. తూర్పు జర్మనీ గూఢచారి సంస్థ డబ్బులిచ్చి ఓటు కొన్నదని తర్వాత బయటపడింది. 1982 అక్టోబరు 1న మాత్రం సంకీర్ణంలోని ఫ్రీ డెమోక్రాట్లు పక్షం మారడంతో ఛాన్సలర్ ష్మిట్ దిగిపోయారు, అదే ఓటుతో కోల్ ఎక్కారు. ఆయన 16 ఏళ్లు ఉన్నారు.

దేశాధ్యక్షుణ్ని ప్రజలు ఎన్నుకోవడం ఆపేశారు. బుండెస్టాగ్ సభ్యులు, అంతే సంఖ్యలో రాష్ట్రాల శాసనసభలు పంపినవాళ్లు కలిసి ఐదేళ్లకు ఎన్నుకుంటారు. ఆయన ఉత్తర్వులతో దేశాన్ని నడపలేరు. ప్రస్తుతం ఆ పదవిలో 2017 నుంచి ష్టైన్‌మయర్ ఉన్నారు. బుండెస్టాగ్ తనను తాను రద్దు చేసుకోలేదు, ఛాన్సలర్ కూడా అనుకున్నప్పుడు ఎన్నికలు పెట్టలేరు. 2024 నవంబరులో ఆర్థిక మంత్రి లిండ్‌నర్‌ను తొలగించడంతో ఛాన్సలర్ షోల్జ్ సంకీర్ణం కూలింది. అప్పుడు ఆయన ముందుగా విశ్వాస తీర్మానం పెట్టి, డిసెంబరు 16న ఓడిపోయి, అధ్యక్షుణ్ని సభ రద్దు చేయమని కోరాల్సి వచ్చింది. ఆ దారిలోనే 2025 ఫిబ్రవరి 23న ఎన్నికలు జరిగాయి.

ఆ ఎన్నికల్లో ఓటరుకు రెండు ఓట్లు. మొదటిది నియోజకవర్గ అభ్యర్థికి, రెండోది పార్టీకి. సభలో బలాబలాలు తేల్చేది రెండోదే. పార్టీకి దేశమంతటా 5 శాతం ఓట్లైనా రావాలి, లేదా కనీసం మూడు నియోజకవర్గాలైనా గెలవాలి. లెఫ్ట్ పార్టీ నుంచి చీలి వచ్చిన వాగెన్‌క్నెష్ట్ పార్టీ 4.98 శాతం దగ్గర ఆగిపోయి ఒక్క సీటూ పొందలేదు. పాత పద్ధతిలో సర్దుబాటు సీట్లు (రెండో ఓటు నిష్పత్తి చెడకుండా ఇచ్చే అదనపు సీట్లు) పెరిగి పెరిగి 2021లో సభ 736 మందికి చేరింది. 2023 చట్టంతో 630 దగ్గర కట్టేశారు. దానికి చెల్లించిన మూల్యం మనవాళ్లకు నమ్మశక్యంగా ఉండదు: నియోజకవర్గంలో మొదటి స్థానంలో వచ్చిన 23 మందికి సీటు రాలేదు, వాళ్ల పార్టీకి ఆ రాష్ట్రంలో రెండో ఓటు ద్వారా అన్ని సీట్లు దక్కలేదు కాబట్టి. గెలిచినవాడు సభకు వెళ్లకపోవడం ఎక్కడి న్యాయమని ఆ ఊళ్ల జనం అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు లెక్కల జవాబు ఉంది కానీ మనసుకు నచ్చే జవాబు లేదు.

2025 మే 6న ఛాన్సలర్ ఎన్నికలో క్రిస్టియన్ డెమోక్రాట్ నాయకుడు ఫ్రీడ్రిష్ మెర్జ్ మొదటి రౌండులో ఓడిపోయారు. సంకీర్ణానికి 328 మంది ఉన్నారు, 316 కావాలి, పడ్డవి 310. రిపబ్లిక్ చరిత్రలో ఇలా ఎప్పుడూ జరగలేదు. అక్కడ ఓటు రహస్యంగా వేస్తారు, మనలా ఫిరాయింపుల నిరోధక చట్టం అంటూ లేదు, సభ్యుడు తన మనస్సాక్షికే కట్టుబడాలని రాజ్యాంగం చెబుతుంది. అదే రోజు రెండో రౌండులో 325 ఓట్లతో ఆయన గెలిచారు.

గవర్నర్ లేని రాష్ట్రాలు

జర్మన్ రాష్ట్రాల్లో కేంద్రం నియమించే గవర్నర్ ఉండరు. ముఖ్యమంత్రిని శాసనసభ ఎన్నుకుంటుంది, ఆయన మెజారిటీ సంగతి అక్కడే తేలుతుంది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేయడం, నెల రోజుల ఆందోళన తర్వాత సెప్టెంబరు 16న ఆయన తిరిగి ప్రమాణ స్వీకారం చేయడం గుర్తున్నవాళ్లకు ఈ తేడా విలువ వివరించనక్కర్లేదు. బలం సభలోనే తేలాలని మన సుప్రీంకోర్టు బొమ్మై తీర్పులో చెప్పడానికి 1994 దాకా పట్టింది.

రాష్ట్రం దారి తప్పితే కేంద్రం ఏమీ చేయలేదా? 37వ అధికరణం ఉంది. ఫెడరల్ బాధ్యతలు నెరవేర్చని రాష్ట్రాన్ని దారికి తేవడానికి కేంద్రం తగిన చర్యలు తీసుకోవచ్చు, కానీ బుండెస్‌రాట్ అంగీకారంతోనే. అంటే తోటి రాష్ట్రాలు ఒప్పుకోవాలి. 1949 నుంచి ఇప్పటిదాకా దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు.

2020 ఫిబ్రవరిలో తురింగియాలో అలాంటి ఒత్తిడి వచ్చింది. తీవ్ర మితవాద పార్టీ ఏఎఫ్‌డీ ఓట్లతో ఫ్రీ డెమోక్రాట్ నాయకుడు కెమ్మరిష్ ముఖ్యమంత్రిగా ఎన్నికయ్యారు. దేశం భగ్గుమంది, ఆయన కొన్ని రోజుల్లోనే రాజీనామా చేశారు. అదంతా రాజకీయ ఒత్తిడే. అప్పటి ఛాన్సలర్ మెర్కెల్ విదేశీ పర్యటనలో ఉండి, ఆ ఎన్నిక క్షమించరానిదని, దాన్ని వెనక్కి తిప్పాలని అన్నారు. 2022లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ మాటను తప్పుబట్టింది. ఛాన్సలర్ హోదాలో అలా అనడం ఒక పార్టీ సమాన అవకాశాల హక్కుకు భంగమని చెప్పింది. ఆ పార్టీ మీద నాకు ఏ సానుభూతీ లేదు. అయినా ఒక రాష్ట్ర శాసనసభ నిర్ణయం మీద కేంద్ర ప్రభుత్వాధినేత నోరు జారడాన్ని కూడా లెక్కలోకి తీసుకునే కోర్టు ఉండటం మామూలు విషయం కాదు.

రాష్ట్రాల సరిహద్దుల సంగతి తెలుగువాళ్లుగా మనం ఇంకాస్త శ్రద్ధగా చూడాలి. మన రాజ్యాంగం 3వ అధికరణం కింద పార్లమెంటు మామూలు మెజారిటీతో రాష్ట్రాన్ని విభజించవచ్చు. ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, పాటించనక్కర్లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిరస్కరించింది, ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. జర్మనీలో రాష్ట్రాలను కలపాలన్నా విడదీయాలన్నా సంబంధిత ప్రజల ఓటు కావాలి. బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్ రాష్ట్రాలను కలపడానికి రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. 1996 మే 5న ఓటింగ్ పెడితే బెర్లిన్ ఔనంది, బ్రాండెన్‌బర్గ్ కాదంది, ప్రతిపాదన అక్కడితో ముగిసింది.

అయితే ఓటు పెడితే తగువు తీరిపోతుందనుకోవడం పొరపాటు. ఎవరి ఓటును ఎలా లెక్కపెట్టాలన్నదే అసలు పేచీ. 1951 డిసెంబరులో నైరుతి జర్మనీలో మూడు చిన్న రాష్ట్రాలను కలిపి ఒకటి చేయాలా అని అడిగారు. పాత బాడెన్ మొత్తాన్ని ఒక్కటిగా లెక్కిస్తే విలీనం వద్దన్నవాళ్లే ఎక్కువ. కానీ చట్టం ఆ ప్రాంతాన్ని నాలుగు ఓటింగ్ జిల్లాలుగా విడగొట్టి, మూడింట మెజారిటీ వస్తే చాలంది. మూడు జిల్లాలు ఔనన్నాయి, దక్షిణ బాడెన్ కాదంది. 1952లో బాడెన్-వుర్టెంబర్గ్ పుట్టింది. బాడెన్ జనం రగిలిపోయారు, కోర్టులకు వెళ్లారు. చివరికి 1970లో బాడెన్‌లో మళ్లీ ఓటు పెట్టారు. అప్పటికి దాదాపు రెండు దశాబ్దాలు కలిసి బతికిన జనం 81 శాతానికి పైగా కలిసే ఉంటామన్నారు. తెలంగాణ విషయంలో ఓటింగ్ పెట్టి ఉంటే తెలంగాణ జిల్లాల ఓటా, మొత్తం రాష్ట్రం ఓటా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయేదేమో. 1956లో విలీనం రోజున తెలంగాణ ప్రజలను ఎవరూ ఓటు అడగలేదన్నది కూడా అంతే నిజం.

నెమ్మదితనం, దాని ధర

ఇంతమంది ఒప్పుకోవాల్సిన చోట పనులు నెమ్మదిగానే నడుస్తాయి. కోవిడ్ రోజుల్లో ఛాన్సలర్, 16 మంది ముఖ్యమంత్రులు వీడియో కాల్‌లో అర్ధరాత్రి దాకా కూర్చునేవారు, మర్నాటికి ఒక్కో రాష్ట్రం ఒక్కోలా నిబంధనలు రాసుకునేది. ప్రభుత్వ సేవలను ఆన్‌లైన్‌లోకి తేవడంలో జర్మనీ వెనకబడటానికి ఈ అల్లిక కూడా ఒక కారణం. అంతకంటే పెద్ద లోపం జవాబుదారీతనం. తప్పు కేంద్రం చట్టంలో ఉందా, రాష్ట్రం అమలులో ఉందా, మధ్యవర్తిత్వ సంఘం మూసిన తలుపుల వెనక చేసుకున్న ఒప్పందంలో ఉందా అన్నది ఓటరుకు అర్థం కాదు.

కానీ అవసరం వచ్చినప్పుడు వేగంగా కదలగలదని కూడా 2025 మార్చి చూపించింది. రాజ్యాంగంలో 2009లో పెట్టిన అప్పుల పరిమితిని సడలించాలి, 500 బిలియన్ యూరోల నిధి ఏర్పాటు చేయాలి. రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు కావాలి. కొత్త బుండెస్టాగ్‌లో ఆ బలం ఉండదని, పాత సభ గడువు తీరకముందే మార్చి 18న నెగ్గించారు. పద్ధతి సరైందేనా అన్న ప్రశ్న నాకు ఇంకా ఉంది. మార్చి 21న బుండెస్‌రాట్‌లో 46 ఓట్లు కావాల్సి ఉండగా 53 వచ్చాయి. నిధిలో 100 బిలియన్లు రాష్ట్రాలు, స్థానిక సంస్థలకు ఇవ్వడం, రాష్ట్రాలు కూడా కొంత అప్పు చేసుకునే వీలు కల్పించడం ఆ ఓట్లకు కారణం. బుండెస్టాగ్‌లో వ్యతిరేకంగా ఓటేసిన లెఫ్ట్ పార్టీ, తాను భాగస్వామిగా ఉన్న బ్రెమెన్, మెక్లెన్‌బర్గ్-ఫోర్‌పోమెర్న్ ప్రభుత్వాల తరఫున ఇక్కడ అనుకూలంగా నిలిచింది. పార్టీ గొంతు ఒక సభలో, రాష్ట్రం గొంతు ఇంకో సభలో.

ఇప్పుడు ఈ ఏర్పాట్లకు కొత్త పరీక్ష ఎదురవుతోంది. 2024 సెప్టెంబరులో తురింగియాలో ఏఎఫ్‌డీ మొదటి స్థానంలో వచ్చింది, శాసనసభలో మూడింట ఒక వంతుకు పైగా సీట్లు దానివే. అంటే మూడింట రెండు వంతులు కావలసిన ఏ నిర్ణయాన్నైనా అది ఆపగలదు. ఇదే ప్రమాదం రాజ్యాంగ న్యాయస్థానానికి రాకుండా 2024 డిసెంబరులో మిగతా ప్రధాన పార్టీలు రాజ్యాంగాన్ని సవరించాయి. 16 మంది న్యాయమూర్తులు, రెండు బెంచీలు, ఒక్కొక్కరికీ 12 ఏళ్ల ఒకే ఒక్క పదవీకాలం అన్న నియమాలు అంతకుముందు మామూలు చట్టంలో ఉండేవి, మామూలు మెజారిటీతో మార్చగలిగేవి. ఇప్పుడవి రాజ్యాంగంలోకి ఎక్కాయి. ఆ న్యాయమూర్తుల్లో సగం మందిని బుండెస్టాగ్, సగం మందిని బుండెస్‌రాట్ ఎన్నుకుంటాయి. ఒక సభలో ఎన్నిక ముందుకు కదలకపోతే రెండో సభ ఎన్నుకునే దారి కూడా అదే మార్పులో తెరిచారు. ఏఎఫ్‌డీ రేపు ఏదైనా రాష్ట్రంలో ప్రభుత్వమే ఏర్పాటు చేస్తే బుండెస్‌రాట్‌లో ఆ రాష్ట్రం ఓట్లు దానివే అవుతాయి, అక్కడి పోలీసులు, బడులు దాని కిందికే వస్తాయి. అప్పుడు 37వ అధికరణాన్ని ప్రయోగించాలా వద్దా అన్నది కేంద్రం ఒక్కటే తేల్చుకోలేదు, బుండెస్‌రాట్‌లో మెజారిటీకి సరిపడా మిగతా రాష్ట్రాలను ముందు ఒప్పించాల్సి ఉంటుంది.